లేసు వెల



మా యత్తగారు అరుగుపై కూర్చుండి లేసు అల్లుచుండగా చూచినవారు అది ప్రొద్దుపుచ్చుటకు చేయు పని యని తలంచెడివారు. మేమును చాలకాల మట్లే తలంచితిమి. నరసాపురపు ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్దమందు క్రైస్తవ మిషనరీలు నేర్పిన యీ విద్య నాటినుండియు సముద్రములు దాటుచునే యున్నది. ఏజెంటు దారమిచ్చును, దారపు లెక్కన కూలి యిచ్చి సరుకు గొనిపోవును. అది యే దేశమున నెంతకు అమ్ముడుపోయెనో మాకు తెలియదు. 1982లో మరియా మీస్ అను జర్మను విదుషి యీ స్త్రీలను గూర్చి గ్రంథము వ్రాసి, ప్రపంచపు విపణికై పాటుపడువారిని వట్టి యిల్లాండ్రుగా నెంచుటచేతనే వారి కూలి తక్కువగా నున్నదని చూపెను.

ఇప్పుడు అంతర్జాలము వచ్చినది. పూర్వము నమూనా పంపి జాబునకై వారముల తరబడి వేచియుండెడి వర్తకులు నేడు ఫోనులో చిత్రము తీసి నిమిషములో విదేశమునకు పంపుచున్నారు. ఎగుమతికి కావలసిన కోడు సంఖ్యకు ఇంటనుండియే దరఖాస్తు చేయవచ్చును.

ఒకనాడు మా యమ్మాయి ఫోనులో విదేశపు టంగడి నొకదానిని చూపినది. అందొక బల్లగుడ్డ, దానిపై మా యత్తగారు అల్లెడి పువ్వులవంటివే పువ్వులు. వెలను రూపాయలలోనికి మార్చి చెప్పగా, అత్తగారు కన్నద్దములు సవరించుకొని, "సున్నలు సరిగా లెక్కపెట్టితివటే అమ్మడూ?" అని యడిగిరి. మరునాడు ఏజెంటు రాగా, నలువది యేండ్లలో మొదటిసారి వారు కూలి బేరమాడిరి. అతడు కొంత పెంచక తప్పలేదు.

ఆ ధైర్యముతో మేమే రెండు గుడ్డలు అమెరికాకు అమ్మజూచితిమి. కాని 2025 ఆగస్టులో ఆ దేశము చిన్న పొట్లములకుండిన సుంకపు మినహాయింపును తీసివేయగా, అచ్చటికి తపాలా పొట్లములు కొన్నాళ్లు నిలిచిపోయినవి. మా గుడ్డలు పెట్టెలోనే యుండెను. చిత్రము నిమిషములో పోవును గాని, సరుకు సుంకపు గుమ్మము దాటియే పోవలయును. మరియు మనము చూపిన చిత్రమును చూచి యంత్రముపై నకలు తీయువారును గలరు. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించుట యిందుకు కొంత రక్ష.

అక్కలారా, అందరము ఎగుమతి వర్తకులము కానక్కరలేదు. అల్లుటకు పట్టిన గంటలను ఒక పుస్తకమున వ్రాసికొనుడు. అట్టి సరుకు పైదేశమున నెంత పలుకుచున్నదో పిల్లలచేత చూపించుకొనుడు. వెల తెలియని చేతికి కూలి పెరుగదు.