వెండిచార రైలు

పద్యం చెప్పి పొట్టపోసుకొన్నవాడికి ఆంగ్ల చలనచిత్రాలతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. నేను వ్రాయబోయేదీ నవ్వుల చిత్రం గూర్చే.

1976 డిసెంబరులో అమెరికాలో విడుదలైన "సిల్వర్ స్ట్రీక్"ను నేను చూసింది 1978లో. తెనాలిలో భాషాప్రవీణ చదువుతున్న రోజులవి. ఒక ఆదివారం నేనూ, నా సహాధ్యాయి ఒకడూ పాసింజరు బండెక్కి బెజవాడ వెళ్లి, నేల టిక్కెట్టు కొని చూశాము. నాకు ఆంగ్లం అంతంతమాత్రం, అతడు కొంత మెరుగు. పద్యం చదవడంలో మాత్రం నాకంటె ఎంతో మెరుగు. అప్పటి మాటలో చెప్పాలంటే హరిజనవాడ నుండి వచ్చినవాడు. నన్ను "పంతులూ" అని పిలిచేవాడు. ఆ పిలుపులో ఎంత చనువు, ఎంత ఎత్తిపొడుపు ఉండేవో నేనెన్నడూ తూచి చూడలేదు.

లాస్ ఏంజెలిస్ నుండి షికాగో పోయే రైలులో కథంతా నడుస్తుంది. పుస్తకాల సంపాదకుడైన జార్జ్ (జీన్ వైల్డర్) కంట ఒక హత్య పడుతుంది. అది మొదలు అతడు మాటిమాటికీ ఆ రైలు నుండి క్రిందపడడం, ఏదో ఒక ఉపాయంతో మళ్లీ అదే రైలు అందుకోవడం. సగం చిత్రం గడిచాక, జార్జ్ పోలీసు కారు ఎత్తుకొని పారిపోతుంటే, వెనుక సీటులో నుండి అరెస్టయిన దొంగ ఒకడు తల పైకెత్తుతాడు. అతడే గ్రోవర్, అనగా రిచర్డ్ ప్రయర్. అక్కడి నుండి అది వేరే చిత్రం. అంతవరకు బుద్ధిగా నడిచిన సంభాషణకు ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. భాష సగం తెలియని నాకే ఆ తేడా తెలిసింది.

కన్సాస్ సిటీ స్టేషనులో పోలీసులు జార్జ్ కోసం కాచుకొని ఉంటారు. గ్రోవర్ అతణ్ణి మరుగుదొడ్డిలోకి లాక్కుపోయి, ముఖానికి బూటుపాలిష్ పూసి, నల్లవాడిలా నడవడం, తల ఊపడం నేర్పుతాడు. పాపం, వైల్డర్‌కు తాళం కుదరదు. హాలంతా ఒకటే నవ్వు. ఇంతలో నల్లజాతి మనిషి ఒకడు లోపలికి వచ్చి, ఈ చిందులు చూసి, నువ్వేదో పెద్ద చిక్కులోనే ఉన్నట్లున్నావు గాని ముందు తాళం సరిగా వెయ్యడం నేర్చుకో అన్న ధోరణిలో ఒక మాట అని పోతాడు. అందరి నవ్వూ సద్దుమణిగిన ఆ క్షణంలో నా మిత్రుడు ఒక్కడే పగలబడి నవ్వాడు.

ఎందుకంత నవ్వావురా అని బయటికి వచ్చాక అడిగాను.

"మీరంతా రంగు పూసుకొన్నవాణ్ణి చూసి నవ్వారు పంతులూ. నేను వచ్చినవాడి ముఖం చూసి నవ్వాను. వాడు మోసపోలేదు."

ఆ మాట విలువ నాకు తెలియడానికి దాదాపు ముప్పయ్యేళ్లు పట్టింది. వైల్డర్ 2005లో తన ఆత్మకథ వెలువరించాడు. ఆయన చెప్పిన ప్రకారం, మొదట వ్రాసుకొన్న ఘట్టంలో లోపలికి వచ్చేవాడు తెల్లవాడు. ఆ వేషం చూసి నిజమేనని నమ్మేస్తాడు. ప్రయర్‌కు అది మింగుడుపడలేదు. తనవారిని నొప్పిస్తున్నానని బాధపడ్డాడు. వచ్చేవాడు నల్లవాడు కావాలని, వాడు మోసపోరాదని కోరినవాడు అతడే. పంతొమ్మిదో శతాబ్దం నుండి అమెరికాలో తెల్లవారు ముఖానికి మసి పూసుకొని నల్లవారిని వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ఆటలు ఆడినవారే కదా! ఆ చరిత్ర ఎరిగినవారికి ఈ ఘట్టం నేటికీ ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా. అయినా ఆ ఒక్క మార్పుతో వెక్కిరింత ఎవరి మీదికి తిరిగిందో చూడండి. అలంకారశాస్త్రం వల్లెవేసిన నేను పట్టుకోలేనిది నా మిత్రుడు నేల మీద కూర్చుని పట్టుకొన్నాడు.

అంతకుముందే ఈ జంట కుదరవలసింది. 1974 నాటి "బ్లేజింగ్ శాడిల్స్" రచయితలలో ప్రయర్ ఒకడు. అందులోని నల్లజాతి షెరీఫ్ పాత్ర అతడికే ఇవ్వాలని మెల్ బ్రూక్స్ ఎంత పట్టుబట్టినా నిర్మాణసంస్థ ఒప్పుకోలేదు. పాత్ర క్లీవన్ లిటిల్‌కు పోయింది, ప్రక్కన వైల్డర్ నటించాడు. తరువాత 1980లో "స్టిర్ క్రేజీ" వచ్చింది. దానికి దర్శకుడు సిడ్నీ పోయిటియర్. 1958లో "ది డిఫయంట్ వన్స్"లో టోనీ కర్టిస్‌తో ఒకే సంకెలకు కట్టబడి పరుగెత్తినవాడే ఇరవై రెండేళ్ల తరువాత ఈ ఇద్దరినీ కలిపి జైలుకు పంపి జనాన్ని నవ్వించాడు. 1989లో ఒకడు చెవిటివాడు, ఒకడు గ్రుడ్డివాడు. 1991 నాటి చివరి చిత్రం గూర్చి చెప్పకపోవడమే మర్యాద. ప్రయర్ 2005లో, వైల్డర్ 2016లో పోయారు.

తెర బయట వీరిద్దరూ అంత సన్నిహితులు కారట. చిత్రీకరణ ముగియగానే ఎవరి దారి వారిదే. ఇది చదివినప్పుడు నాకు కలిగిన బాధ సినిమా గూర్చినది కాదు.

ఆనాడు తిరుగు బండిలో, తన ఊరి స్టేషను దగ్గర పడుతుండగా నా మిత్రుడు అన్నాడు: "దిగు పంతులూ, మా అమ్మ చేపల పులుసు చేసి ఉంటుంది. నీకు పప్పన్నం పెట్టిస్తాలే. రేపు ఉదయం బండికి పోదాం."

రేపు పరీక్ష ఉందన్నాను. పరీక్ష ఏదీ లేదు. ఇద్దరం ఒకే తరగతి.

"సరేలే" అని సంచి భుజాన వేసుకొని దిగిపోయాడు. మరునాడు తరగతిలో ఎప్పటిలాగే నా ప్రక్కనే కూర్చున్నాడు. ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఉద్యోగాలు వచ్చాక ఉత్తరాలు కొంతకాలం నడిచి ఆగాయి.

మొన్న మా అబ్బాయి కంప్యూటరులో ఆ చిత్రం మళ్లీ చూశాను. మూడవ రోజుకు అతడి ఫోను నెంబరు సంపాదించాను. అతడూ ఉపాధ్యాయుడుగానే పదవీ విరమణ చేశాడు. చాలాసేపు మోకాళ్ల నొప్పులు, పింఛను, మనుమలు అయ్యాక, బెజవాడలో చూసిన రైలు సినిమా గుర్తుందా అన్నాను.

"సినిమా అంతగా గుర్తులేదు గాని, మరునాటి పరీక్ష ఎలా వ్రాశావు పంతులూ?" అన్నాడు.

ఈ ఆదివారం మీ ఊరు వస్తాను, భోజనం అక్కడే అన్నాను. కొంచెం ఆగి, ఏ బండికి అని అడిగాడు.