అరిచే మీటరు కేబుల్

పాత అమెరికన్ కారు గంటకు 60 మైళ్ళ వేగంతో పోతున్నప్పుడు డ్రైవరు కాళ్ళకు కాస్త ఎడంగా ఒక సన్నని ఉక్కు తీగ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతూ ఉంటుంది. మైలుకు 1000 చుట్లన్నది అమెరికన్ కార్లలో చాలాకాలం నడిచిన లెక్క. గేర్‌బాక్స్ వెనకనున్న చిన్న పళ్ళచక్రం ఆ తీగ కింది కొసను తిప్పుతుంది. పై కొస డ్యాష్‌బోర్డు వెనకనుంచి మీటరులోకి దూరి, అక్కడ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతానికీ మనం చూసే ముల్లుకీ మధ్య అతుకన్నది లేదు. అయస్కాంతం మీద బోర్లించినట్టు పలచని అల్యూమినియం గిన్నె, ఆ గిన్నెకు ముల్లు, ముల్లును సున్నా వైపు లాగే సన్నని స్ప్రింగు, అంతే. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో సుడి విద్యుత్తు పుట్టి గిన్నెను తన వెంట లాగుతుంది, స్ప్రింగు పోనివ్వనంటుంది. ఆ రెండు బలాలూ ఎక్కడ సరితూగితే ముల్లు అక్కడ నిలబడుతుంది. 1902లో ఒట్టో షుల్జె అనే జర్మన్ ఇంజినీరు పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఎలక్ట్రానిక్ సెన్సార్లు వచ్చేదాకా, అంటే 1980ల దాకా, కార్లలో ఎక్కువ భాగం దీన్నే నమ్ముకుని నడిచాయి.

నాకు ఈ ఏర్పాటంటే ఎంతో ఇష్టం. బ్యాటరీతో పనిలేదు, కంప్యూటరుతో పనిలేదు. రోడ్డు తిప్పిన చక్రమే మీటరును తిప్పుతుంది. పైగా దానికేమైనా అయితే నోరు విప్పి చెబుతుంది. గ్రీజు ఎండిన మీటరు కేబుల్ చలికాలం ఉదయాన నూనె లేని బావి గిలకలా అరుస్తుంది. ఆ అరుపును అర్థం చేసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఒక వరసలో వెతకాలి, అంతే.

మిషిగన్‌లో మాకు 1980ల నాటి సెడాన్ ఒకటుంది. మా చెల్లెలి కూతురు యాన్ ఆర్బర్‌లో చదువుకుంటోంది. ఆ కారు ఇప్పుడు దాని దగ్గరే ఉంటుంది. జనవరిలో ఓ ఆదివారం వచ్చీ రాగానే చెప్పింది: “పెద్దమ్మా, ఇరవై దాటగానే కీచుమంటోంది. కారు వేడెక్కితే తగ్గుతోంది. ఇంజను పోతోందేమోనని భయంగా ఉంది.”

“ముల్లెలా ఉంది?”

“ముల్లా? నేను రోడ్డు చూస్తున్నాను, ముల్లెక్కడ చూడను!”

అదీ నిజమే. అందుకే ఇలాంటి పనికి ఇద్దరుండాలి. ఒకరు నడపాలి, రెండోవాళ్ళు వినాలి, చూడాలి. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ముందు కారు కదలకుండానే యాక్సిలరేటరు తొక్కమన్నాను. ఇంజను ఎంత గోల చేసినా కీచుమనలేదు. కాబట్టి ఇంజను బెల్టులు కావు. తర్వాత మా కాలనీ వెనకున్న ఖాళీ రోడ్డు మీద ముప్ఫై మైళ్ళ దాకా తీసుకెళ్ళి, ఇంజను ఆపకుండా న్యూట్రల్‌లోకి మార్చమన్నాను. ఇంజను నెమ్మదించింది, కారు తన ఊపుతో పోతోంది, అరుపు మాత్రం తగ్గలేదు. అంటే దానికి సంబంధం ఇంజనుతో కాదు, రోడ్డుతో. ఇక మిగిలినవి టైర్లు, చక్రాల బేరింగులు, వెనక చక్రాలకు పోయే షాఫ్టు, మీటరు కేబుల్. చక్రం బేరింగు చెడితే హోరుమంటుంది, మలుపు తిరిగేటప్పుడు ఆ హోరు మారుతుంది. ఇక్కడ మలుపులతో ఏ మార్పూ లేదు. ముల్లు మాత్రం ఇరవైకీ ముప్ఫైకీ మధ్య వణుకుతోంది.

ఆ వణుకుకు చాలా అర్థముంది. తొడుగు లోపల తీగ ఎక్కడో పట్టేస్తోంది. కింది కొస తిరుగుతున్నా పై కొస ఆగిపోవడంతో తీగ మెలిపడుతుంది. మెలి బలం పట్టును మించగానే ఒక్కసారిగా విదిలించుకుని తిరిగేస్తుంది. ముల్లు ఎగిరిపడేది అప్పుడే. ముల్లు నిలకడగా ఉండి శబ్దం మాత్రమే వస్తుంటే మీటరు లోపలి బుష్షును అనుమానించాలి. ముల్లు ఊగుతూ శబ్దం వస్తుంటే ముందు కేబుల్‌ను అనుమానించాలి. డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పెట్టి కేబుల్ తొడుగును కొద్దిగా పక్కకు నొక్కి చూశాను. అరుపు మారింది. దాంతో నాకు దాదాపు నమ్మకం కుదిరింది.

మా పిల్ల స్నేహితులు అప్పటికే ఒక సలహా ఇచ్చారట: కేబుల్ పీకేసి, ఫోన్లో జీపీఎస్ చూసుకుంటూ నడుపుకోమని. పీకేస్తే శబ్దం పోతుంది, నిజమే. వేగం ఫోన్లో కనబడుతుంది, అదీ నిజమే. కానీ అదే తీగ ఓడోమీటరును కూడా తిప్పుతోంది. అది ఆగితే కారు ఎంత దూరం తిరిగిందన్న లెక్క అక్కడికి ఆగిపోతుంది. అమెరికాలో ఈ లెక్కకు 1972 నుంచి ఫెడరల్ చట్టపు రక్షణ ఉంది. మోసగించే ఉద్దేశంతో ఓడోమీటరును విప్పేసి నడపడం నేరం. మరమ్మతు చేసినప్పుడు పాత అంకెను అలాగే నిలపడం కుదరకపోతే మీటరును సున్నాకు తెచ్చి, పాత అంకె ఎంతో, మరమ్మతు ఏ రోజున జరిగిందో రాసిన కాగితాన్ని ఎడమ తలుపు చట్రానికి అంటించాలి. 2010, అంతకు ముందు మోడళ్ళను అమ్మేటప్పుడు మైళ్ళను ధ్రువీకరించి రాసివ్వక్కర్లేదన్న మినహాయింపు ఉన్నమాట వాస్తవమే. అయినా మోసం మోసమే.

నాకు చట్టంకంటే ముందు గుర్తొచ్చేది మన పిల్లలు. గుంటూరు నుంచో ఖమ్మం నుంచో రెండు సూట్‌కేసులతో దిగిన విద్యార్థి కొనే మొదటి కారు తరచూ ఇలాంటిదే. మనవాళ్ళలోనే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారుతూ ఉంటుంది. ఆ పిల్లాడు అడిగే మొదటి ప్రశ్న “ఎన్ని మైళ్ళు తిరిగింది?” అన్నదే. ఆ అంకెను బట్టే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలో, గేర్ ఆయిలు ఎప్పుడు మార్చాలో లెక్కేసుకుంటాడు. మన ఊళ్ళలో స్కూటరు మీటరు తీగ తెగితే ఏళ్ళ తరబడి అలాగే తిప్పిన ఇళ్ళు నాకు తెలుసు. ఎవరూ పట్టించుకోకపోవడంతో కొనేవాడు ఆ అంకెను నమ్మడమే మానేశాడు. ఆ అలవాటును ఇక్కడికి మోసుకురావడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

కాబట్టి విప్పాం, బాగుచెయ్యడానికే. పై కొస నుంచి మొదలుపెట్టాను. కొన్ని కార్లలో అక్కడ మరనట్ ఉంటుంది. మా దాంట్లో వేలితో నొక్కితే ఊడొచ్చే ప్లాస్టిక్ క్లిప్. మీటరు వైపు విప్పేసి ఆ ఖాళీ రోడ్డు మీద ఇంకోసారి కొంచెం దూరం నడిపి చూశాం. అరుపు తగ్గింది కానీ పోలేదు. మీటరుతో సంబంధం తెగిపోయాక కూడా అరుస్తోందంటే జబ్బు కేబుల్లోనే ఉంది. మొత్తం ఆగిపోయి ఉంటే మీటరునూ అనుమానించాల్సి వచ్చేది.

అలా తెరిచి ఉన్న పై కొసలో కాస్త నూనె పోసి మూసేసేవాళ్ళు చాలామంది. వద్దని గట్టిగా చెబుతాను. తుప్పు వదిలించే పలచని స్ప్రే అయితే ఉన్న కాస్త గ్రీజునూ కడిగేసి, కొన్నాళ్ళకు తానూ ఆరిపోతుంది. మామూలు నూనె అయితే ఇంకా ప్రమాదం. లోపలి తీగ ఒకే కడ్డీ కాదు. నడిమి తీగ చుట్టూ పొరలు పొరలుగా, ఒక పొర కుడికి, ఒక పొర ఎడమకి చుట్టిన ఉక్కు తీగల కట్ట. అది తిరిగేటప్పుడు పై పొర మరలాగా పనిచేసి గ్రీజునూ నూనెనూ మెల్లమెల్లగా పైకి తోస్తుంది. అలా ఎక్కిన జిడ్డు మీటరులోకి చేరి అయస్కాంతానికీ గిన్నెకూ మధ్యనున్న సన్నని సందులో నిండితే ముల్లు అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది. అందుకే గ్రీజు రాసేటప్పుడు తీగ కింది మూడింట రెండు వంతులకు పలచగా రాసి, పైన కొన్ని అంగుళాలు పొడిగానే వదిలేయాలి.

లోపలి తీగను పైనుంచే మెల్లగా లాగేశాను. గుడ్డ తడిపి తుడిస్తే నల్లగా ఎండిపోయిన గ్రీజు పొట్టులా రాలింది. ఇక్కడ మా బాబాయి నేర్పిన పరీక్ష ఒకటి చెప్పాలి. ఆయనకు విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం ఉండేది. తీగ రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకుని, మధ్య భాగాన్ని కిందికి విల్లులా వేలాడనిచ్చి, ఒక కొసను వేళ్ళ మధ్య నిదానంగా తిప్పాలి. తీగ మంచిదైతే రెండో కొస అంతే నిదానంగా తిరుగుతుంది, కింది వంపు కదలకుండా నిలుస్తుంది. ఎక్కడైనా నొక్కు పడి ఉంటే ఆ వంపు ఒక పక్కకు టక్కున ఎగిరి పడుతుంది. కంటికి కనబడని వంకర కూడా ఈ పరీక్షలో దాక్కోలేదు. మా తీగ ఎగిరి పడింది. వంకర ఉన్నచోట ఉక్కు అరిగి అద్దంలా మెరుస్తోంది. ఆ చోటును వేలితో పట్టుకుని, “ఇది కార్లో ఎక్కడికొస్తుందో కొలుద్దాం పద” అన్నాను మా పిల్లతో.

అసలు కారణం దొరికింది ఆ కొలతలోనే. కారును గట్టి నేల మీద జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రాలకు అడ్డాలు పెట్టాక కిందికి దూరాం. ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. అరిగిన చోటు సరిగ్గా కేబుల్ సైలెన్సరు గొట్టానికి దగ్గరగా వేలాడుతున్న చోటికి వచ్చింది. దాన్ని పైకి పట్టి ఉంచాల్సిన క్లిప్ లేదు. ఎప్పుడో ఎవరో గొట్టం మార్చినప్పుడు తీసి, తిరిగి పెట్టలేదు. కేబుల్ జారి వేడికి దగ్గరైంది, పై ప్లాస్టిక్ మెత్తబడి కుంగింది, లోపల గ్రీజు మాడిపోయింది, తీగ నొక్కుకుపోయింది. చలికాలంలో ఆ మిగిలిన గ్రీజు కూడా బిగుసుకోవడంతో అరుపు బయటపడింది. గ్రీజు మాత్రం పూసి వదిలేసి ఉంటే వసంతం దాకా ఊరుకుని మళ్ళీ మొదలయ్యేది.

గేర్‌బాక్స్ దగ్గరి నట్ ఒక పట్టాన కదల్లేదు. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గనే ఉంది. రోడ్ల ఉప్పు ఆ గని నుంచీ వస్తుంది. ఆ ఉప్పు తిన్న నట్లకు తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా నాననివ్వడమే దారి. మర్నాడు తేలిగ్గానే వచ్చింది. కేబుల్ కింది కొసకు ఎర్రనూనె అంటి ఉందేమో చూశాను. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె అది. అంటి ఉంటే లోపలి సీలు పోయినట్టు, ఆ నూనె తీగ వెంట మీటరు దాకా ఎక్కుతుంది. మా దానికి పొడిగానే ఉంది.

కొత్త కేబుల్ తొడుగుతో సహా తెప్పించాను. పొడవు పాతదానితో సరిపోవాలి. పొట్టిదైతే వంపులు బిగుస్తాయి, పొడుగుదైతే చుట్ట చుట్టి ఎక్కడో దోపాలి. అరడుగు వ్యాసార్ధం కంటే బిగువైన వంపు ఎక్కడా రాకూడదు. క్లిప్ కొత్తది వేసి, కేబుల్‌ను గొట్టానికి దూరంగా, ఇంజను గదినీ మనం కూర్చునే గదినీ వేరుచేసే రేకు రంధ్రంలో కొత్త రబ్బరు వాషరులోంచి పంపాం. కొసల్లో నలుచదరపు ముక్క దాని గాడిలో కూర్చుందని చేతికి తెలిశాకే నట్ బిగించాలి. కూర్చోకుండా బిగిస్తే లోపలి తీగ కుంగి మొదటి రోజే వంకరవుతుంది. మీటరు వెనక బుష్షుకు సన్న నూనె ఒక్క చుక్క వేశాను. రెండో చుక్క వెయ్యలేదు.

మీటరును వేరుగా చూసుకోవాలంటే ఇంకో పరీక్ష ఉంది. పాత తీగ ముక్కను చేతి డ్రిల్లుకు తగిలించి మీటరు వెనక పెట్టి, సరైన దిక్కులో నిమిషానికి 1000 చుట్ల వేగంతో తిప్పితే ముల్లు 60 దగ్గర నిలవాలి. మా మీటరు ముల్లు వణక్కుండా నిలిచింది. అయితే ఆరు సెకన్లు తిప్పితే ఓడోమీటరులో మైలులో పదో వంతు చేరుతుంది. తిరగని దూరం అది. పాతరోజుల మోసగాళ్ళు ఇదే డ్రిల్లును వెనక్కి తిప్పి మైళ్ళు తగ్గించేవాళ్ళు.

మర్నాడు తెల్లవారుజామున, చలి బాగా ఉన్నప్పుడే, కారు బయటికి తీశాం. వేడెక్కాక నడిపితే ఈ పరీక్షకు అర్థముండదు. ఇరవై దాటింది, నలభై దాటింది, మా పిల్ల ఈసారి ముల్లు మీంచి నా చూపు తిప్పనివ్వలేదు. ఎక్కడా వణకలేదు.

ఇంటికొచ్చాక గ్లవ్ బాక్సులో ఉండే పుస్తకం తీయించి, తేదీ, మీటరు అంకె, కేబుల్ మార్చిన సంగతి రాయించాను. కేబుల్ విప్పి నడిపిన ఆ కాస్త దూరాన్నీ, డ్రిల్లుతో చేరిన దూరాన్నీ విడివిడిగా రాయమన్నాను.

“అంత చిన్నది కూడానా పెద్దమ్మా?”

“చిన్నదైనా రాయి. కొనేవాళ్ళకి కారుతోపాటు ఈ పుస్తకం కూడా ఇచ్చెయ్యి.”