మంచు ఉన్నా నీళ్లు లేని ఊళ్లు

మన దేశపటంలో అన్నిటికంటే పైన ఉండేది లడఖ్. అక్కడి లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. చుట్టూ మంచుకొండలే. అయినా అక్కడి రైతులకు నీళ్లు చాలవంటే మీకు వింతగా తోచవచ్చు.

లేహ్‌లో ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వానే పడుతుంది. కరువుకు పేరుపడిన మన అనంతపురంలో కూడా సుమారు ఇంతకు అయిదు రెట్లు కురుస్తుంది. వానమేఘాలను హిమాలయాలు అడ్డగిస్తాయి. అందుచేత లడఖ్ పొలాలకు కొండలమీద కరిగే మంచే ఆధారం.

అయితే మొక్క వేళ్లు నీటిని పీల్చగలవు గాని, మంచుగడ్డను పీల్చలేవు. నేల గడ్డకడితే విత్తనం మొలకెత్తదు. కనక అక్కడ చాలా ఊళ్లలో ఏడాదికి ఒక్కటే పంట. ఏప్రిల్, మే నెలల్లో బార్లీ, గోధుమ, బఠాణీ విత్తి, మళ్లీ చలి రాకముందే కోసుకోవాలి. కాని ఎత్తున ఉన్న మంచు జూన్‌కు గాని బాగా కరగదు! ఆలస్యంగా విత్తితే, పంట పండేలోగా చలి వచ్చి పడుతుంది. ఉన్న కాస్త నీటినీ ఊరివాళ్లు వంతులవారీగా పంచుకుంటారు. వంతులు చూసే మనిషిని "చుర్పొన్" అంటారు. మన పల్లెల్లో చెరువునీరు పంచే నీరటివంటివాడన్నమాట.

చెవాంగ్ నోర్ఫెల్ అనే లడఖ్ ఇంజనీరు ఒక సంగతి గమనించారు: వేగంగా పారే నీరు గడ్డకట్టదు, చెట్లనీడన నెమ్మదిగా పారే నీరు గడ్డకడుతుంది. చలికాలంలో వాగునీరు వృథాగా పోతున్నది గదా! ఆయన 1987లో ఫుక్త్సే గ్రామం వద్ద ఆ నీటిని నీడపట్టుకు మళ్లించి, రాతికట్టలతో నెమ్మదింపజేశారు. అది గడ్డకట్టింది. ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తున ఉన్నందున విత్తే వేళకే కరిగి పొలాలకు అందింది.

2013లో సోనమ్ వాంగ్‌చుక్ మరొక పద్ధతి మొదలుపెట్టారు. ఎగువ వాగునుంచి గొట్టంలో నీరు దిగివస్తుంది. ఆ ఒత్తిడికి, పంపు లేకుండానే, ఊరి దగ్గర అది పైకి చిమ్ముతుంది. చల్లగాలిలో పడుతూ గడ్డకట్టి కుప్పగా పెరుగుతుంది. దీన్ని "మంచుస్తూపం" అంటారు. కుప్పగా ఉన్న మంచుకు ఎండ తగిలే చోటు తక్కువ. కనక నెమ్మదిగా కరుగుతుంది.

కావలిస్తే మీరే చూడండి. రెండు సమానమైన మంచుముక్కలు తీసుకుని, ఒకదాన్ని చితగ్గొట్టి పళ్లెంలో పరచండి. రెండోదాన్ని అలాగే ఉంచండి. ఏది ముందు కరిగిందో చెప్పగలరా?

స్తూపం కొత్తగా నీటిని పుట్టించదు. చలికాలపు నీటిని మే నెలదాకా దాచిపెడుతుంది, అంతే. లోకం వేడెక్కి హిమనదాలు తరిగిపోతున్న ఈ రోజుల్లో, ఒక్క పంట మీద బతికే ఊళ్లకు ఆ దాపుడే ఏడాది తిండి.