ఇద్దరు పోలీసులు, నాలుగు చేతులు

నాకు ఇద్దరు పోలీసుల సినిమాలంటే ప్రాణం. ఒకడు నోరు మూయడు, ఇంకొకడు నోరు తెరవడు. ఒకడికి రూలు ముఖ్యం, ఇంకొకడికి రూలంటే ఒళ్లు మంట. పై అధికారి ఆ ఇద్దర్నీ ఒకే బండిలో కూర్చోబెడతాడు. ఇంటర్వెల్ దాకా ఒకర్నొకరు తిట్టుకుంటారు. ఆ తర్వాత వీపుకు వీపు ఆనించి పదిమంది రౌడీలను మట్టి కరిపిస్తారు. ఆ ఇద్దరిలో ఒకడికి కుంగ్‌ఫూ వచ్చి ఉంటే ఇక చెప్పేదేముంది! ఇవి పిల్లలకోసం తీసిన సినిమాలని, టైంపాస్ సరుకని చాలామంది తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. స్నేహం ఎలా పుడుతుందో ఈ సినిమాలు చూపించినంత సూటిగా పెద్దపెద్ద కథలు కూడా చూపించలేదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు ఆనేకల్‌లో కుదిరింది.

ఆనేకల్ బెంగళూరుకు దక్షిణపు కొసన ఉన్న తాలూకా. ఒకవైపు బన్నేరుఘట్ట అడవి, ఇంకోవైపు బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీలు. అత్తిబెలె దాటామంటే హోసూరు, అంటే తమిళనాడు. తాలూకా ఆఫీసులో కన్నడం, సరిహద్దుకు అవతల అరవం, చాలా ఇళ్లలో తెలుగు. ఇక్కడి తెలుగువాళ్లంతా నిన్న మొన్న ఉద్యోగాలకు వచ్చినవాళ్లు కారు. తరతరాలుగా ఇక్కడే సేద్యం చేసుకుంటూ, ‘వస్తా ఉండా, పోతా ఉండా’ అని మాట్లాడుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు తోడు అనంతపురం నుంచి, హిందూపురం నుంచి, చిత్తూరు నుంచి ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవాళ్లం మేం. ఇలాంటి చోట కొత్తవాళ్లు ఇద్దరు ఒక పనిమీద కలిస్తే, ముందు ఏ భాషలో మాట్లాడుకోవాలో తేలాలి. అది తేలేలోపే పని మొదలైపోతుంది. ఇద్దరూ కలిసి ఒక బరువు ఎత్తుతారు, ఒకడు జారిస్తే ఇంకొకడు పట్టుకుంటాడు. పేర్లు ఆ తర్వాత అడుగుతారు.

జిగణిలో పనిచేసే రోజుల్లో మా గదిలో ధర్మపురి కుర్రాడొకడు, హాసన్ కుర్రాడొకడు ఉండేవాళ్లు. ఆదివారం వచ్చిందంటే డీవీడీలు అద్దెకు తెచ్చుకునేవాళ్లం. ఎవరి భాష సినిమా తెచ్చినా మిగతా ఇద్దరూ మూతి ముడిచేవాళ్లు. జాకీచాన్ సినిమా తెస్తే మాత్రం పేచీ ఉండేది కాదు. ‘రష్ అవర్’ అట్లాగే చూశాం. క్రిస్ టక్కర్ మర తుపాకీలా పేల్చే ఇంగ్లీషు మా ముగ్గురికీ సగం కూడా అందేది కాదు. అయినా ముగ్గురం ఒకే చోట నవ్వేవాళ్లం, ఒకే చోట ఊపిరి బిగబట్టేవాళ్లం.

1998లో వచ్చిన ఆ సినిమా కథ చాలా చిన్నది. లాస్ ఏంజెల్స్‌లో చైనా కాన్సుల్ కూతుర్ని ఎత్తుకుపోతారు. ఆ పిల్లకు హాంకాంగ్‌లో కుంగ్‌ఫూ నేర్పిన ఇన్‌స్పెక్టర్ లీని (జాకీచాన్) కాన్సుల్ పిలిపించుకుంటాడు. ఎఫ్‌బీఐ వాళ్లకు ఈ పరాయి పోలీసు అడ్డు. వాణ్ని ఊరు తిప్పుతూ కేసుకు దూరంగా ఉంచమని స్థానిక పోలీసు కార్టర్‌కు (క్రిస్ టక్కర్) అప్పగిస్తారు. కార్టర్ అంటే సొంత డిపార్ట్‌మెంటుకే విసుగు. అంటే ఇద్దరూ ఎవరికీ అక్కర్లేని మనుషులే. ఈ కథలకు ప్రాణం అక్కడే ఉంది. ఇద్దరు గొప్పవాళ్లు చేతులు కలిపితే అది ఒప్పందం అవుతుంది. పక్కకు నెట్టేసిన ఇద్దరు చేతులు కలిపితే మన కడుపు నిండుతుంది.

కార్టర్ తన బండిలో రేడియో మీద చెయ్యి వెయ్యనివ్వడు. లీ వేస్తాడు. పెద్ద గొడవ. తర్వాత ఒక రాత్రి దుండగుల స్థావరం బయట కాపు కాస్తూ ఇద్దరూ తమ తండ్రుల గురించి కోతలు కోసుకుంటారు. ఇద్దరి తండ్రులూ పోలీసులే. మా నాన్న ఇంతమందిని పట్టాడంటే మా నాన్న అంతకంటే ఎక్కువమందిని పట్టాడని పోటీ. పిల్లల తగాదాలా మొదలైన ఆ మాటల కింద ఇద్దరు కొడుకుల దిగులు కనిపిస్తుంది. అక్కడే రోడ్డుమీద ఒకడు పాట నేర్పుతాడు, ఇంకొకడు ఎదుటివాడి చేతిలోని పిస్తోలు రెప్పపాటులో లాక్కునే విద్య చూపిస్తాడు. ఎంత మంచి ఇచ్చిపుచ్చుకోవడం! నీకొచ్చింది నాకివ్వు, నాకొచ్చింది నీకిస్తా. మా గదిలో ధర్మపురి అబ్బాయి నాకు సాంబారు నేర్పింది, నేను వాడికి గోంగూర పప్పు నేర్పింది ఆ లెక్కనే.

ఇక ఫైట్లు. అమెరికావాళ్లు ఇలాంటి జంట సినిమాలు అంతకుముందే తీశారు. ‘48 అవర్స్’ 1982లో, ‘లీథల్ వెపన్’ 1987లో వచ్చాయి. ఇంకా వెనక్కి వెళ్తే కురొసావా 1949లోనే ‘స్ట్రే డాగ్’ తీశాడు. అందులో పిస్తోలు పోగొట్టుకున్న కుర్ర డిటెక్టివ్ అనుభవజ్ఞుడైన పెద్దాయన వెంట టోక్యో ఎండలో తిరుగుతాడు. వీటన్నిటిలో ఆయుధం తుపాకీ. తుపాకీ దూరం నుంచి పనిచేస్తుంది. కాల్చేవాడు గోడచాటున ఉంటాడు, స్నేహితుడు ఇంకో గోడచాటున ఉంటాడు. చేతులతో పోరాడేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. నా పక్కవాడు నాకు చెయ్యి చాపేంత దూరంలో ఉండాలి, వాడి కాలు ఎటు లేస్తుందో నాకు తెలియాలి, నేను వంగినప్పుడు వాడు నా మీదుగా దూకాలి. క్షణం ముందైతే నాకు తగులుతుంది, క్షణం ఆలస్యమైతే శత్రువు తప్పించుకుంటాడు. నమ్మకమనే మాటను ఒక్కసారి కూడా పలక్కుండా నమ్మకాన్ని కళ్లకు కట్టే మార్గం ఇంతకంటే నాకు తెలియదు.

‘రష్ అవర్’ వచ్చిన ఏడాదే ‘లీథల్ వెపన్’ నాలుగో భాగం వచ్చింది. అందులో విలన్‌గా జెట్ లీ. మెల్ గిబ్సన్ గురిపెట్టిన పిస్తోలు పైభాగాన్ని జెట్ లీ ఒక్క విసురుతో ఊడబెరికేస్తాడు. తుపాకీల సినిమాలోకి చేతి విద్య నడిచొచ్చిన క్షణం అది. చివరికి ఆ ఒక్కణ్ని ఎదుర్కోవడానికి ఇద్దరు హీరోలూ కలబడాల్సి వస్తుంది. ఒక్కొక్కరుగా వెళ్తే వాళ్లు చాలరు. జంట సినిమా ఎందుకు కావాలో ఆ ఫైటు చెప్పేసింది.

జాకీచాన్ దగ్గర ఇంకో గొప్పతనం ఉంది. అతను పిల్లప్పుడే హాంకాంగ్‌లో చైనా ఒపేరా నేర్పే బడిలో చేరాడు. యు జిమ్-యుయెన్ అనే గురువు దగ్గర ఆట, పాట, కత్తి, పిల్లిమొగ్గలు, వేషం అన్నీ కలిపి నేర్చుకున్నాడు. సామో హంగ్, యుయెన్ బియావో అతనికి అక్కడి సహాధ్యాయులే. అందుకే అతనికి ఫైటు వేరు, హాస్యం వేరు కాదు. రెండూ ఒకే తాళం మీద నడుస్తాయి. మూకీల నాటి బస్టర్ కీటన్‌నూ హెరాల్డ్ లాయిడ్‌నూ తనకు ఆదర్శమని అతనే చెప్పుకున్నాడు. ‘రష్ అవర్’ చివర్లో ప్రదర్శనకు పెట్టిన విలువైన చైనా జాడీలు పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుంటూ, ఇంకో చేత్తో శత్రువుల్ని కొడుతూ ఉంటాడు. నవ్వుతూనే భయపడతాం. వాడి పని కొట్టడం మాత్రమే కాదు, కాపాడటం కూడా. పోలీసు ఉద్యోగం అంటే ఏమిటో ఆ జాడీల మధ్య తెలుస్తుంది. కాసేపటికి అతను పై నుంచి జారిపడబోతే, అంతదాకా వాగుతూ తిరిగిన కార్టర్ కింద పెద్ద గుడ్డ పట్టుకుని నిలబడి కాపాడతాడు.

ఫైటులో దెబ్బ తినేవాడిదే సగం పని. ఈ మాట ఫైట్ మాస్టర్లలో ఎవర్నడిగినా చెబుతారు. కొట్టేవాడి పిడికిలి ఆగిపోయిన చోట తినేవాడి మెడ తిరగాలి. లేకపోతే ఎంత బలంగా కొట్టినా గాలిని కొట్టినట్టే ఉంటుంది. హాంకాంగ్‌వాళ్లు కొట్టేవాణ్నీ తినేవాణ్నీ ఒకే ఫ్రేములో ఉంచుతారు. కట్‌లు తక్కువ. అందుకే ఆ దెబ్బను నమ్ముతాం. ఈమధ్య మన సినిమాల్లో రెప్ప వేసేలోపు నాలుగు కట్‌లు పడుతున్నాయి. ఎవరు ఎవర్ని కొట్టారో తెలిసేలోపు మనిషి ఎగిరి కారు అద్దంలో పడి ఉంటాడు. ఇంత ఖర్చు పెట్టి ఆ నటుల కష్టాన్ని కనపడకుండా చెయ్యడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

మా ఆనేకల్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పోరాటం, హాస్యం కలిసి రావడం కొత్త కాదు. పౌరాణిక నాటకాలు ఇక్కడి పల్లెల్లో ఇప్పటికీ తెల్లవార్లూ ఆడతారు. కురుక్షేత్రంలో భీముడు గద ఎత్తకముందు హాస్యగాడు వచ్చి జనాన్ని నవ్వించి పోతాడు. ద్రౌపది పేరున కరగ అనే పూలకుండను ఊరేగించే ఉత్సవంలో వీరకుమారులు కత్తులు పట్టి కరగ వెంట నడుస్తారు. పక్కవాడి కత్తి ఎటు కదులుతుందో తెలియకుండా ఆ గుంపులో నడవలేరు.

కన్నడనాట కరాటే అంటే శంకర్ నాగ్. 1990లో రోడ్డు ప్రమాదంలో చనిపోయినా ఆటోల మీద ఆయన బొమ్మ ఇంకా తిరుగుతూనే ఉంది. 1988లో ఆయన నటించిన ‘సాంగ్లియానా’కు స్ఫూర్తి, మిజోరం నుంచి వచ్చి కర్ణాటకలో పోలీసు అధికారిగా పేరు తెచ్చుకున్న హెచ్.టి. సాంగ్లియానా. ఎక్కడి మిజోరం, ఎక్కడి బెంగళూరు! పరాయి చోటి పోలీసును ఈ ఊరు తన హీరోగా చేసుకుంది. ఇంకో ముచ్చట 1996 నాటిది. ‘పోలీస్ స్టోరీ’ అనే కన్నడ సినిమాతో మన సాయికుమార్ అక్కడ పెద్ద హీరో అయ్యాడు. తెలుగులో రాజశేఖర్‌కు గొంతు ఇచ్చిన మనిషి, పక్క రాష్ట్రంలో ఖాకీ తొడిగి తన ముఖంతో తాను గెలిచాడు. ఆ సినిమాను డైరెక్ట్ చేసిన థ్రిల్లర్ మంజు ఫైట్ మాస్టరే. దాన్ని తర్వాత తెలుగులోకి తెచ్చారు. ఆనేకల్‌వాళ్లకు ఏ భాషలో చూసినా సొంత సినిమాయే.

మరి తెలుగులో జంట పోలీసులు ఎక్కడ? వెతికితే దిగులేస్తుంది. ఎనభైల్లో సుమన్, భానుచందర్ ఉన్నారు. ఇద్దరూ కరాటే నేర్చినవాళ్లు. ‘తరంగిణి’, ‘మెరుపుదాడి’ లాంటి సినిమాల్లో కలిసి నటించారు. వాళ్లు కాలు లేపితే నిజంగా లేపినట్టు ఉండేది. ఆ ఇద్దరికీ ఖాకీ తొడిగి, ఒక జీపు ఇచ్చి, నవ్వులు తెలిసిన రచయితను పక్కన పెట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆ తర్వాత మన పోలీసు హీరోలకు తోడు దొరకలేదు. ఇన్‌స్పెక్టర్ పక్కన ఉండేది సమానుడు కాదు, కానిస్టేబుల్ వేషంలో కమెడియన్. హీరో ఇరవైమందిని కొడుతుంటే అతను బల్లకింద దాక్కుంటాడు. నవ్వు ఒకడికి, దెబ్బ ఒకడికి పంచేశాం. ఆ పంపకంలో స్నేహం పోయింది.

ఇద్దరు స్టార్లుంటే ఎవరికి ఎన్ని ఫైట్లు, ఎవరు ముందు రావాలి, ఎవరి అభిమానులు ఏమంటారు అని లెక్కలు మొదలవుతాయని సినిమావాళ్లు అంటారు. ఆ లెక్కలన్నీ ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022లో చెరిపేసింది. అందులోనూ ఒకడు (రామ్) పోలీసే, ఇంకొకడు (భీమ్) ఆ పోలీసు వెతుకుతున్న మనిషి. వంతెన మీద ఒకడు, కింద ఒకడు. నీళ్లలో చిక్కిన పిల్లవాణ్ని కాపాడటానికి చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. పేర్లు కూడా తెలియని ఇద్దరు ఒక తాడుకు రెండు కొసల్లో వేలాడి స్నేహితులవుతారు. తర్వాత జైలు నుంచి తప్పించుకునేటప్పుడు భీమ్ భుజాల మీద రామ్ కూర్చుని తుపాకులు పేలుస్తాడు. ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు, ఒకే శరీరం. ప్రపంచమంతా ఆ చోట చప్పట్లు కొట్టిందంటే ఆశ్చర్యం లేదు. కాకపోతే అది మహా యుద్ధగాథ. నేను అడిగేది ఇంకా చిన్నది, ఇంకా నవ్వించేది.

కథ ఇక్కడే ఉంది. ఆనేకల్ కానిస్టేబుల్ ఒకడు, హోసూరు కానిస్టేబుల్ ఇంకొకడు. ఒకడు రిపోర్టు కన్నడంలో రాస్తాడు, ఇంకొకడు తమిళంలో రాస్తాడు. నిందితుణ్ని తరుముకుంటూ పోలీసు దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చని మన చట్టం చెబుతుంది కాబట్టి, దొంగ అత్తిబెలె దాటినా మన హీరో ఆగనక్కర్లేదు. అవతలివాడు మాత్రం తన హద్దులోకి వచ్చినవాణ్ని ఊరుకోడు. పోట్లాట. ఒకడు గరిడీలో కర్రసాము నేర్చినవాడు, ఇంకొకడు కరాటే క్లాసులో బెల్టు కట్టినవాడు. కోపం తలకెక్కినప్పుడు ఇద్దరి నోటా తెలుగు వస్తుంది. ఇద్దరి ఇంటి భాషా ఒకటేనని అప్పుడు తెలుస్తుంది. తళి రోడ్డు మీద ఏనుగులు అడ్డొస్తే రాత్రంతా ఒకే జీపులో కూర్చోవాలి. అక్కడ వాళ్ల నాన్నల గురించి మాట్లాడుకోనివ్వండి.

దీనికి విదేశీ లొకేషన్లు అక్కర్లేదు. నిజంగా కాలు లేపగల ఇద్దరు నటులు, కట్ చెయ్యకుండా ఓపిక పట్టే కెమెరా, ఒక మంచి రచయిత చాలు. జాకీచాన్ అంతటివాడు 2005 నాటి ‘ది మిత్’ కోసం హంపీ రాళ్ల మధ్యకు వచ్చి షూటింగ్ చేసుకుని వెళ్లాడు. హైదరాబాదులో కూర్చుని కథలు రాసే మన కుర్ర డైరెక్టర్లకు ఆనేకల్ ఒక రాత్రి బస్సు దూరమే. రండి, ఈ సరిహద్దు ఊళ్లలో నాలుగు రోజులు తిరగండి, ఈ మనుషుల మాట వినండి. కథలో హీరో ఒక్కడే ఉండాలన్న పట్టుదల మాత్రం ఇంట్లో వదిలేసి రండి.