మార్సెన్ స్టేషన్‌లో షడ్జం

ప్రాగ్, ఆదివారం

అన్నయ్యకు నమస్కారాలు.

కచేరీల హడావిడిలో ఉంటావని తెలిసీ రాస్తున్నాను. ఇది నీ శ్రుతి గొడవే మరి. ఇవాళ కరోలినం అనే పాత విశ్వవిద్యాలయ భవనం చూశాను. 1842 మే 25న క్రిస్టియన్ డాప్లర్ తన వ్యాసం చదివింది ఇక్కడే. అలలు పుట్టించేది మనవైపు వస్తుంటే అవి దగ్గరదగ్గరగా వచ్చి తగులుతాయి, దూరం పోతుంటే ఎడమెడంగా వస్తాయి అన్నాడు. అంతవరకు బంగారం. జంట నక్షత్రాల రంగులకు కారణం అదేనన్నాడు చూడు, అక్కడే తప్పాడు. నక్షత్రం రంగు దాని వేడిని బట్టి ఉంటుంది. కదలిక వల్ల వచ్చే తేడా కంటికి ఆనదు. డాప్లర్ మాట నిజమో కాదో ధ్వనితో తేల్చాలని ఒక కుర్ర డచ్చి శాస్త్రవేత్త పూనుకున్నాడు. అతని ఊరికే బయల్దేరుతున్నాను.

యుట్రెక్ట్, శుక్రవారం

అన్నయ్యా,

జాగ్రఫీలో గాలుల సూత్రం చదివామే, ఆ బైస్ బాలటే నేను చెప్పిన డచ్చి శాస్త్రవేత్త. 1845లో ఇక్కణ్ణుంచి మార్సెన్ వైపు పోయే లైను మీద, ఇంజన్ వెనక పెట్టెలో బూరలు ఊదేవాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్న వాద్యగాళ్లను నిలబెట్టాడు. కొలిచే యంత్రం లేదు, వాళ్ల చెవులే కొలబద్ద. ఫిబ్రవరిలో మంచు కురిసి పని చెడింది. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. చలికి బూరల శ్రుతి దిగుతుందంటావు కదా, ఆగడమే మేలైందేమో! ఇంజన్ రొద, నిలకడలేని వేగం ఎటూ తప్పలేదు.

లెక్క నీకు నచ్చుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. బండి గంటకు 72 కిలోమీటర్ల మీద, అంటే సెకనుకు 20 మీటర్లు వస్తోందనుకో. అందులో ఒకడు షడ్జం పట్టి ఊదుతుంటే, ఎదురొచ్చేటప్పుడు నీకు శుద్ధ రిషభానికి దగ్గరగా వినిపిస్తుంది. దాటిపోగానే కింది కాకలి నిషాదం దగ్గరికి దిగుతుంది. ఊదేవాడికి మాత్రం ఆద్యంతం షడ్జమే.

చెవులు డాప్లర్ లెక్కనే బలపరిచాయి. రంగుల మాట మాత్రం బైస్ బాలట్ ఒప్పుకోలేదు, సరిగ్గానే. అయినా ఆ సూత్రం చివరికి నక్షత్రాలకూ అక్కరకొచ్చింది: 1868లో విలియం హగ్గిన్స్ సిరియస్ వర్ణపటంలో గీత జరగడం చూసి దాని వేగం కట్టాడు.

మధ్యాహ్నం మార్సెన్ ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాను. ఇక్కడి రైళ్లు మనవాటిలా మాటిమాటికీ కూత పెట్టవు. ఆగకుండా పోయే బండి ఒకటి వచ్చింది. నా ముందుకు రాగానే దాని మోత ఠక్కున దిగింది. తర్వాత దూరంగా రోడ్డు మీద నుంచి విన్నాను. అక్కడ నీ వయొలిన్ మీద జారుగమకంలా మెల్లగా దిగింది. బండి మనకు సూటిగా రాక ఏటవాలుగా పోతుంది కాబట్టి అంతేనట. ఎన్ని స్వరస్థానాలు దిగిందో నువ్వైతే చెప్పేవాడివి.

వేళకు తింటున్నానని అమ్మతో చెప్పు.

నీ చెల్లి