కలగలుపు బియ్యం

మా గుడి బియ్యంతో అన్నం వండటం ఎవరి తరమూ కాదు. ఒక మెతుకు చిమిడి ముద్దవుతుంటే పక్క మెతుకు ఇంకా పలుకు మీదే ఉంటుంది. ఉండదు మరి? ఒంగోలు పక్క మా పల్లెలో ఆడవాళ్లు బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేవాళ్లు. ఆదివారం ఆ డబ్బా గుడికి, అంటే మా చర్చికి, వచ్చేది. రేషను బియ్యం, కొత్త బియ్యం, పాత బియ్యం, టీచరమ్మగారింటి సన్నబియ్యం, అన్నీ ఒకే గోతంలోకి. ఆ గోతం మోసి, తూచి, లేనివాళ్లకి ఇచ్చి రావడం యూత్ పని.

యూత్ అంటే పన్నెండు మందిమి, ఒక గిటారు, ఒక డోలక్. శనివారం రాత్రి కూడిక. అందులో సగం పాటలు, సగం క్రికెట్టు కబుర్లు. ఒక డిసెంబరులో కేరల్స్ డబ్బాలో డబ్బు బాగా పడింది. దుప్పట్లు పంచుదామని తీర్మానం చేశాం. దుప్పట్ల కన్నా ముందు ఫ్లెక్సీ వచ్చింది. దాని మీద మా ఫొటోలున్నాయి, ఎవరి ఫొటో పెద్దదన్న గొడవ కూడా ఉంది.

పంచే రోజు మొదటి ఇల్లు ఒక అవ్వది. గోతం బియ్యంలో ఆమెకి ప్రతినెలా వాటా ఉండేది. వాకిట్లో చిరుగుల చీరతో పేడ కలుపుతోంది. "వందనాలు అవ్వా, ఇలా నిలబడు, ఫొటో" అన్నాం. అవ్వ చేతులు కడుక్కుని, "ఫొటోనా? ఉండండయ్యా" అంటూ లోపలికెళ్లింది. పావుగంటైంది. తల నున్నగా దువ్వి, పెట్టె అడుగున దాచుకున్న పట్టంచు చీర కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని వచ్చి ఠీవిగా నిలబడింది. ఫోను పట్టుకున్నవాడు తెల్లబోయాడు. దుప్పటి అందుకునే మనిషిలా లేదు, ఇచ్చే మనిషిలా ఉంది.

"ఇందాకటి చీరే బాగుంది అవ్వా" అనేశాను. అవును, నేనే.

అవ్వ ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

ఆ రాత్రి కూడికకి సంఘపెద్ద ఒకాయన వచ్చారు. తిడతారనుకున్నాం. కాలవ సంగతి ఎత్తారు. 1876–78 ధాత కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకం మూడున్నర మైళ్ల మేర ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించి కూలి ఇచ్చాడు. తిండి కోసమే వస్తున్నారేమోనన్న అనుమానానికి తావివ్వకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. గడ్డురోజులు గడిచాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

"ఆ కాలవ తవ్వినవాళ్ల మనవలమే మనం" అన్నారాయన. "అప్పుడు మన తాతకి ఎవరైనా ఫొటో తీసుంటే, చినిగిన పంచెతో తీయించుకునేవాడా?"

ఎవరం మాట్లాడలేదు. ఫ్లెక్సీ మర్నాడు గుడి వెనక కట్టెల మీద కప్పేశాం. వాన నీరు బాగానే ఆపింది.

పైనెల బియ్యం తీసుకుని అవ్వ దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. క్షమించమని అడగటానికి మాటలు కూడబలుక్కుంటుంటే ఆమె సంచి అందుకుని, అందులోంచే ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న డబ్బాలో వేసింది. అది మళ్లీ ఆదివారం గుడికి రావలసిన డబ్బా. ఇన్నాళ్లూ మోసిన గోతంలో ఆమె పిడికెడు కూడా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఈ బియ్యం ఎలా వండుకుంటావవ్వా?" అన్నాను, ఇంకేమనాలో తోచక.

"అన్నానికెందుకు పనికొస్తాయిరా, పిచ్చోడా! నానేసి రుబ్బితే అట్లకి దివ్యంగా ఉంటాయి. కూర్చో."

కూర్చున్నాను. నాలుగు తిన్నాను.