అమ్మ కాలి మచ్చ

"మీరు నల్లగా ఉంటారు కదా మేష్టారూ, చర్మ క్యాన్సర్ తెల్లోళ్ల జబ్బు. భయపడకండి."

వైజాగ్‌లో ఒక డాక్టరు ఈ మాట చెప్పి చీటీ నా చేతిలో పెట్టాడు. అమ్మ కాలి మీద పుండు మూడు నెలలుగా మానలేదు. దాన్ని చూపించడానికే అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగి వచ్చాం. ఆయన మాత్రం చీర అంచు ఎత్తమని కూడా అడగలేదు.

అమ్మకు పెంఫిగస్. మొదట నోట్లో పుళ్లు, తర్వాత వీపంతా బొబ్బలు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే చర్మ కణాలను అతికి ఉంచే జిగురు మీద దాడి చేస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. అయినా మా ఊళ్లో అమ్మకు గ్లాసు వేరు పెట్టారు. వేరు గ్లాసు మాకు కొత్త కాదు, ఈసారి సాకు కొత్తది.

స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది చనిపోయేవారు. అమ్మ బతికింది ప్రెడ్నిసోలోన్, అజాథయోప్రిన్ మాత్రల వల్లే. అవి రోగనిరోధక శక్తిని అణచి ఆ దాడిని ఆపుతాయి. దాంతోపాటు చెడిన కణాలను ఏరిపారేసే కాపలా కూడా పలచబడుతుంది. పైగా అజాథయోప్రిన్ వాడేవారి చర్మం ఎండలోని యూవీఏ కిరణాలకు త్వరగా దెబ్బతింటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ మందును క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. నేను తెలుగులో పీహెచ్‌డీ చేశాను. ఈ నాలుగు ముక్కలు నాకు తెలుగులో చెప్పినవాళ్లు లేరు.

నల్లదనం ఎండ నుంచి కాపాడే మాట నిజమే. మనకు ముప్పు తక్కువే, కానీ లేకపోలేదు. మన చర్మం మీద స్క్వామస్ సెల్ క్యాన్సర్ తరచుగా ఎండ తగలని చోట, పాత కాలిన మచ్చల్లో, మానని పుళ్లలో పుడుతుంది. అమ్మ పుండు లేచింది చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిన మచ్చ మీదే.

ఇంకో డాక్టరమ్మ కింద కూర్చుని, ఆ కాలు చేతిలోకి తీసుకుని చూసింది. ముక్క తీసి బయాప్సీకి పంపింది. తొలి దశ క్యాన్సర్. కోసి తీసేశారు. మందులు మార్చారు.

నా క్లాసులో పిల్లల తల్లులు కాఫీ తోటల్లో, పొలాల్లో పనిచేస్తారు. చలికాలం పొయ్యి చుట్టూ కూర్చుంటారు. అందుకే రాస్తున్నాను. ఇలాంటి మందులు వాడేవాళ్లు ఇంట్లో ఉంటే మీ అంతట మీరు ఆపించకండి, జబ్బు తిరగబెడుతుంది. ఎండలోకి వెళ్తే గొడుగు, నిండు చేతుల జాకెట్టు ఉండాలి. నెలకోసారి అరికాళ్లు, పాత మచ్చలు, నోరు చూడండి. నెల దాటినా మానని పుండు, పెరిగే గడ్డ, రక్తం కారే మచ్చ ఉంటే వెంటనే వెళ్లండి.

డాక్టరు చూడకుండా చీటీ రాస్తే లేవకండి. "ఒకసారి ముట్టుకుని చూడండి" అని అడగండి. అది మన హక్కు.